కత్తెర తగలని ఫోటో



వచ్చే నెలలో మా ఏడో తరగతి పిల్లలు ఇంటికొచ్చి మిమ్మల్ని ఫోటోలు అడుగుతారు. ఫోన్‌లో ఉన్నవే కాదు, బీరువాలో, గోడ మీద, పాత పెళ్లి ఆల్బమ్‌లో ఉన్నవి కూడా అడుగుతారు. ఇంగ్లీషు క్లాసులో 'మా ఇంటివాళ్లు' అనే అంశం మీద ఒక పేజీ రాయిస్తున్నాం. ఆ రాతకు తోడుగా కంప్యూటర్ పీరియడ్‌లో పిల్లలు ఒక ఫోటో కొలాజ్ తయారు చేస్తారు. అందులో వాడే పద్ధతి పేరు క్లిప్పింగ్ మాస్క్. పేరు కొత్తగా ఉన్నా పని కష్టమైంది కాదు. అది ఎలా పని చేస్తుందో, ఇంట్లో మీరు ఏ మేరకు సాయం చేస్తే బాగుంటుందో, ఏ విషయంలో జాగ్రత్త పడాలో ఈ నెల మీకు చెప్పాలనుకున్నాను.

కొలాజ్ అనే మాట ఫ్రెంచి భాషలో 'అంటించడం' అనే క్రియ నుంచి వచ్చింది. 1912లో పికాసో తన బొమ్మ మీద కుర్చీ అల్లిక అచ్చు వేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను అంటించి, చుట్టూ తాడు బిగించాడు. కొలాజ్ అనగానే అందరూ చెప్పే తొలి ఉదాహరణల్లో అదొకటి. మన తరం చిన్నప్పుడు చేసింది కూడా అదే పని. పత్రికల్లోంచి బొమ్మలు కత్తిరించి చార్టు మీద ఫెవికాల్‌తో అంటించేవాళ్లం. ఒకసారి కత్తిరిస్తే కత్తిరించినట్టే, అంటిస్తే అంటించినట్టే. వెనక్కి వెళ్లే దారి ఉండేది కాదు.

కంప్యూటర్ వచ్చాక కూడా మొదట్లో అలాగే ఉండేది. ఫోటోషాప్ 1990లో వచ్చినా, అందులో లేయర్లు అనే సౌకర్యం 1994లో మూడో వెర్షన్‌తో వచ్చింది. లేయర్ అంటే పొర. ఒక్కో బొమ్మ ఒక్కో పారదర్శకమైన కాగితం మీద ఉండి, అవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయనుకోండి. ఏ కాగితాన్నయినా జరపొచ్చు, తాత్కాలికంగా దాచొచ్చు, మళ్లీ చూపించొచ్చు. కింది బొమ్మకు ఏమీ కాదు. క్లిప్పింగ్ మాస్క్ ఈ పొరల మధ్య జరిగే ఒక ఒప్పందం.

ఆ ఒప్పందం పిల్లలకు అర్థమవడానికి నేను ముగ్గు ఉదాహరణ చెబుతాను. సంక్రాంతికి మీ వాకిట్లో ముందు ముగ్గు గీస్తారు. తర్వాత దాని మీద రంగులు చల్లుతారు. గీత లోపల పడిన రంగే నిలుస్తుంది, గీత దాటింది కనబడకూడదు. క్లిప్పింగ్ మాస్క్‌లో కింది పొర ముగ్గు, పై పొర రంగు. కింద ఒక గుండ్రం గీసి, దాని పైన ఫోటో పెట్టి, రెంటినీ క్లిప్ చేస్తే ఫోటో ఆ గుండ్రం ఉన్న మేరకే కనిపిస్తుంది. కింద గుండ్రం బదులు 'అమ్మ' అనే అక్షరాలు పెడితే, ఫోటో ఆ అక్షరాల లోపల కనిపిస్తుంది. తేడా ఒక్కటే. గీత దాటిన ముగ్గు రంగును తుడిచేస్తాం. ఇక్కడ గీత దాటిన ఫోటో ఎక్కడికీ పోదు. కనబడకుండా అక్కడే ఉంటుంది.

ఈ చివరి మాట ఎంత ముఖ్యమో నాకు గట్టిగా తెలిసింది కిందటేడు ఒక తల్లితో మాట్లాడినప్పుడు. ఆమె అనుమతితో, గుర్తుపట్టే వివరాలు వదిలేసి రాస్తున్నాను. ఫోటోలు తెమ్మని డైరీలో రాసి పంపిన రెండో రోజు సాయంత్రం, స్కూల్ వదిలేశాక ఆమె నా కోసం వరండాలో నిలబడి ఉంది. చేతిలో ఒక పాత పెళ్లి శుభలేఖ కవరు. అందులోంచి ఒక పోస్ట్‌కార్డు సైజు ఫోటో తీసింది.

"మేడం, మా ఆయన, పాప కలిసి ఉన్న ఫోటో ఇదొక్కటే. ఆయన పోయి ఆరేళ్లయింది. ప్రాజెక్టు అన్నారని పాప తీసుకెళ్తానంటోంది. పోయినసారి సైన్సు చార్టుకు ఫోటోలన్నీ కత్తిరించేసింది. దీన్ని మాత్రం కత్తిరించొద్దని చెప్పండి."

"దీనికి కత్తెర తగలదమ్మా. స్కాన్ చేసి ఇప్పుడే మీ చేతికి ఇచ్చేస్తాం" అన్నాను. కంప్యూటర్ ల్యాబ్ ఇంకా మూయలేదు. ఆమె పక్కన నిలబడి ఉండగానే స్కాన్ చేసి, ఫోటోను అదే కవరులో పెట్టి ఆమె చేతికిచ్చాం.

అది తిరుమలలో దర్శనం అయ్యాక తీయించుకున్న ఫోటో. తండ్రికి గుండు, నుదుట నామం. చంకలో ఏడాది పాప, ఆ పాపకీ గుండే. పక్కన తల్లి, చేతిలో లడ్డూల కవరు. ఎడమ అంచున ఒక పెద్దావిడ సగమే పడింది, ఆమె నాయనమ్మ. వెనక ఎవరో ముక్కూ మొహం తెలియని యాత్రికులు.

మిగతా పిల్లల దగ్గర ఇరవై, ముప్పై ఫోటోలు ఉన్నాయి. ఈ అమ్మాయి దగ్గర ఒక్కటే. కొలాజ్ అంటే చాలా ఫోటోలు కావాలి కదా అని ఆ పాప మొదటి రోజు ఊరికే కూర్చుంది. క్లిప్పింగ్ మాస్క్ అసలు ఉపయోగం ఇక్కడే తెలిసింది. ఒకే ఫోటో పొరను ఎన్నిసార్లయినా నకలు తీసుకోవచ్చు. ఒక్కో నకలును ఒక్కో ఆకారానికి క్లిప్ చేసి, లోపల ఫోటోను జరిపితే, ఒక్కో కిటికీలోంచి ఒక్కో భాగం కనిపిస్తుంది. ఆ పాప ఆరు కిటికీలు పెట్టింది. ఒకదానిలో నాన్న ముఖం. ఒకదానిలో లడ్డూల కవరు పట్టుకున్న అమ్మ చెయ్యి. ఒకదానిలో రెండు గుండ్లు పక్కపక్కన. ఒకదానిలో అంచున సగం పడిన నాయనమ్మ. ఒకదానిలో అమ్మ చీర అంచు. ఆరోదానికి చాలాసేపు వెతికింది. ఫోటోను పెద్దది చేసి అటూ ఇటూ జరుపుతుంటే, నాన్న ఎడమ చెయ్యి పాప పాదాన్ని కింద నుంచి పట్టుకుని ఉండటం కనబడింది. ఆ ఫోటో ఇంట్లో రోజూ చూస్తూనే ఉంది, కానీ ఆ చెయ్యి అప్పుడే చూశానంది.

ఇంగ్లీషు పేజీలో ఆ కిటికీ గురించి నాలుగు వాక్యాలు రాసింది. తన పాదానికి చెప్పు లేదని, మెట్లు కాలుతుంటాయని, అందుకే నాన్న పట్టుకుని ఉంటాడని. మెట్లు కాలుతున్నాయో లేదో ఫోటోలో లేదు, అది ఆమె ఊహ. కానీ ఫోటోలో ఉన్నదాన్ని చూసి, లేనిదాన్ని ఊహించి, రెంటికీ తగిన మాట వెతకడమే నేను నేర్పవలసిన ఇంగ్లీషు. ఆ పని ఆ కిటికీ చేయించింది.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను. మీ పిల్లలు ఇంట్లో సాధన చేయాలంటే ఫోటోషాప్ కొనక్కర్లేదు. ఫోటోపియా అనే ఉచిత సాధనం కంప్యూటర్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. పక్కన ప్రకటనలు కనిపిస్తాయి, పట్టించుకోనక్కర్లేదు. ఫోటోషాప్‌లోలాగే అందులోనూ పొరలుంటాయి.

ముందు కొత్త పేజీ తీసుకోవాలి. ఏ4 కాగితం మీద అంగుళానికి 300 చుక్కల నాణ్యతతో ముద్రించాలంటే పేజీ 2480 పిక్సెల్స్ వెడల్పు, 3508 పిక్సెల్స్ ఎత్తు ఉండాలి. తర్వాత ఒక ఆకారం గీయాలి, లేదా అక్షరాలు టైపు చేయాలి. ఆపైన ఫైల్ మెనూలో ఓపెన్ అండ్ ప్లేస్ నొక్కి ఫోటోను తేవాలి. పొరల జాబితాలో ఫోటో పొర ఆ ఆకారం పొరకు సరిగ్గా పైన ఉండాలి. ఇప్పుడు ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని, ఆ రెండు పొరల మధ్య ఉన్న గీత మీద క్లిక్ చేయాలి. కంట్రోల్, ఆల్ట్, జీ మూడూ కలిపి నొక్కినా అదే జరుగుతుంది. ఫోటో పొర పేరు కాస్త లోపలికి జరిగి, పక్కన కిందికి చూసే చిన్న బాణం గుర్తు వస్తుంది. అంటే ఒప్పందం కుదిరింది. మళ్లీ అదే పని చేస్తే ఒప్పందం రద్దవుతుంది, ఫోటో మొత్తం తిరిగి కనిపిస్తుంది.

పిల్లలకు ఎక్కువగా అడ్డొచ్చేవి నాలుగు.

మొదటిది, క్రమం. చాలామంది ఆకారాన్ని ఫోటో పైన పెడతారు. ముగ్గు కింద, రంగు పైన అని గుర్తు చేస్తే చాలు. మధ్యలో వేరే పొర అడ్డొచ్చినా కుదరదు. ఒకే ఆకారానికి రెండు మూడు పొరలు క్లిప్ చేయొచ్చు, కానీ అవన్నీ వరుసగా దాని మీదే ఉండాలి.

రెండోది, సాగదీయడం. కిటికీ వెడల్పుగా ఉందని ఫోటోను పక్కలకు లాగితే తాతయ్య ముఖం గుమ్మడికాయ అవుతుంది. వెడల్పు, ఎత్తు రెండూ ఒకే నిష్పత్తిలో పెంచి, మిగిలింది కిటికీ బయటికి పోనివ్వాలి. బయటికి పోయింది ఎలాగూ కనబడదు.

మూడోది, సన్నని అక్షరాలు. తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఫోటోలకు బాగుంటాయి, కానీ గీత లావుగా ఉండాలి. సిలికానాంధ్ర ఉచితంగా అందించిన ఫాంట్లలో రామభద్ర లావుగా ఉంటుంది, శీర్షికలకు పనికొస్తుంది. కొన్ని పాత వెర్షన్లలో తెలుగు టైపు చేస్తే వత్తులు విడిపోతాయి. సెట్టింగ్స్‌లో దక్షిణాసియా లిపుల కోసం ఉన్న ఎంపికను మారిస్తే సరిపోతుంది.

నాలుగోది, ఆశ. ముప్పై ఫోటోలు ఉన్నాయని ముప్పై పెడితే ఏదీ కనబడదు. ఒక పెద్ద కిటికీ, నాలుగైదు చిన్నవి, మధ్యలో కాస్త ఖాళీ జాగా ఉంటే కంటికి నిలబడటానికి చోటు దొరుకుతుంది. అంచు గీత గానీ నీడ గానీ కావాలంటే కింది ఆకారం పొరకే ఇవ్వాలి, ఫోటోకు కాదు.

ఇందులో మీ సాయం కావలసింది ఫోటోల దగ్గర. కత్తిరించిన పాస్‌పోర్ట్ ఫోటోలు పంపకండి. మొత్తం ఫోటో పంపండి. వెనక ఏముందో, పక్కన ఎవరున్నారో పిల్లలే చూసి ఎంచుకోవాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. అదే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. కొలాజ్‌లో కిటికీ 4 అంగుళాలు ఉండాలంటే అక్కడ కనీసం 1200 పిక్సెల్స్ ఉండాలి.

పాత ప్రింట్లయితే 600 డీపీఐలో స్కాన్ చేయించండి. పోస్ట్‌కార్డు సైజు ఫోటోలో ముఖం సాధారణంగా సెంటీమీటరు ఉంటుంది. 600లో స్కాన్ చేస్తే దాన్ని స్పష్టత చెడకుండా రెండు సెంటీమీటర్ల వరకే పెంచొచ్చు. తిరుమల ఫోటో పాప మొదట నాన్న ముఖాన్ని పేజీ అంతా పెట్టింది, మసకగా వచ్చింది. ఈ లెక్క తనే వేసుకుని కిటికీని చిన్నది చేసింది. లెక్కల క్లాసులో నేర్చుకున్న నిష్పత్తి ఇలా ఇంగ్లీషు పనిలో అక్కరకొచ్చింది.

స్కానర్ దొరకకపోతే ఫోటోను కిటికీ వెలుతురులో బల్ల మీద పరిచి, ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను నిటారుగా పైనుంచి పట్టి తీయండి. ఫ్రేము కట్టించిన పాత ఫోటోలు తేమకు అద్దానికి అతుక్కుపోయి ఉంటాయి. వాటిని పీకకండి, రంగు అద్దానికి వచ్చేస్తుంది. అద్దంతోనే తీయండి. మెరుపు పడకుండా కాస్త కోణం మార్చుకుంటే చాలు.

ఇప్పుడు జాగ్రత్త మాట. పైన చెప్పాను కదా, గీత దాటిన ఫోటో ఎక్కడికీ పోదు, దాగి ఉంటుంది అని. ఆ తల్లికి ధైర్యమిచ్చిన గుణమే ఇంకోచోట ప్రమాదం కావచ్చు. మీ పాప పుట్టినరోజు ఫోటోలో ముఖం మాత్రమే గుండ్రంగా కనిపిస్తోంది. మిగతా ఫోటోలో టేబుల్ మీద ఆధార్ కార్డు ఉంది, గుమ్మం మీద ఇంటి నంబరు ఉంది, పక్కింటి పిల్లలున్నారు. పొరలతో ఉన్న పీఎస్‌డీ ఫైలును అలాగే ఎవరికైనా పంపితే, వాళ్లు క్లిప్ తీసేసి మొత్తం చూడగలరు. క్యాన్వాలో ఫ్రేము అనే పేరుతో ఇదే పని చేయొచ్చు. అక్కడ మార్పులు చేసే అనుమతితో లింకు పంచుకుంటే, ఫ్రేము మీద రెండుసార్లు నొక్కగానే దాగిన భాగం బయటపడుతుంది. పవర్‌పాయింట్‌లో క్రాప్ చేసిన ఫోటో కూడా అంతే. కంప్రెస్ పిక్చర్స్‌లోకి వెళ్లి, క్రాప్ చేసిన భాగాలను తొలగించమని ప్రత్యేకంగా చెప్పేదాకా అది ఫైల్‌లోనే ఉంటుంది.

అందుకని ఒక నియమం పెట్టుకుందాం. పొరల ఫైలు పిల్లల దగ్గరే ఉంటుంది. బయటికి పంపేది జేపీజీ గానీ పీఎన్‌జీ గానీ మాత్రమే. అలా ఎగుమతి చేసినప్పుడు పొరలన్నీ కలిసి ఒకే బొమ్మ అవుతుంది, దాగినది అందులో ఉండదు. కుటుంబ గ్రూపుల్లో పెట్టాలన్నా, స్టేటస్‌లో పెట్టాలన్నా ఇదే. వేరేవాళ్ల పిల్లలు కనిపించే ఫోటో అయితే వాళ్ల ఇంట్లో ఒక మాట అడగండి. 'కనబడటం లేదు' వేరు, 'లేదు' వేరు అని ఈ వయసులోనే తెలిస్తే, రేపు వీళ్ల చేతికి సొంత ఫోన్ వచ్చినప్పుడు మనకు కొంత నిశ్చింత.

చివరగా ఒక విన్నపం. దయచేసి ఈ కొలాజ్‌ను స్టూడియోలోనో, నెట్ సెంటర్లోనో చేయించకండి. మీకున్న తీరిక తక్కువని నాకు తెలుసు. ఫీజు కట్టి, బస్సుకు కట్టి, రాత్రి తొమ్మిదింటికి ప్రాజెక్టు కోసం చార్టు వెతుక్కునే ఇళ్లు ఎన్నో. స్టూడియో వాళ్లు పది నిమిషాల్లో పెళ్లి ఆల్బమ్ షీటులా చేసిస్తారు, అది మీ పాప చేసినదానికంటే అందంగానే ఉంటుంది. కానీ దీనికి అందానికి మార్కులు లేవు. ఏ కిటికీలో ఏది ఎందుకు చూపించారో చెప్పే ఇంగ్లీషు వాక్యాలకే మార్కులు. స్టూడియో అతనికి ఆ పాదం కింద చెయ్యి ఎందుకు కనబడుతుంది?

మీరు చేయగలిగిన సాయం వేరే ఉంది. ఫోటోలు ఇచ్చేటప్పుడు పిల్లల పక్కన ఓ పావుగంట కూర్చోండి. అంచున సగం పడిన మనిషి ఎవరో చెప్పండి. ఆ రోజు ఏ ఊళ్లో ఉన్నారో, చొక్కా ఎవరిదో, ఫోటో తీసింది ఎవరో చెప్పండి. ఫోటో తీసినవాళ్లు ఫోటోలో ఉండరు కదా, వాళ్ల పేరు ఒక్కసారైనా పిల్లల చెవిన పడాలి. మీరు తెలుగులోనే చెప్పండి. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చుకోవడం వాళ్ల పని, తెప్పించడం నా పని. ఇంట్లో ఆ కథ లేకుండా నేను నేర్పే వ్యాకరణం దేనికి అతకాలి?

పేరెంట్ టీచర్ మీటింగ్ రోజున ప్రింట్లు గోడ మీద ఉంటాయి. వాటిని చూసి వెళ్లిపోకండి. ల్యాబ్‌లో కంప్యూటర్లు కూడా తెరిచే ఉంటాయి. మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో పొర ఆపి మళ్లీ వేసి చూపించమని అడగండి. ఏ ఫోటోను ఎంత దాచారో, ఎందుకు దాచారో వాళ్లే చెబుతారు. ఆ పాప వాళ్లమ్మ కిందటేడు ఒక కిటికీ క్లిప్ తీయించి ఫోటో మొత్తం చూసుకుంది, మళ్లీ క్లిప్ చేయించి చూసుకుంది. రెండుసార్లూ ఆ ఫోటోలో ఏమీ తగ్గలేదు.